రంగు కింద మిగిలింది

ఆ పొద్దున ఆకాశం మూసుకుపోయి ఉంది. ఓడ పక్కన ఇనుప దిమ్మ మీద కూర్చుని నేనూ బావా టీ తాగుతున్నాం. బావంటే మా అక్క మొగుడు. ఇద్దరిదీ ఒకే గ్యాంగు. నేను ఓడ అడుగున లోడరు తోలతాను. ఆయన పైన అంచు దగ్గర నిలబడి వాకీటాకీలో దారి చెప్తాడు.

"పొగరెక్కితే ఎవరికైనా కళ్లు నెత్తికెక్కుతాయి. నీకేమో పనిలోకి దిగితే నెత్తికెక్కుతాయిరా. అవి నేనే," అని నవ్వాడు బావ.

ఆ ఓడ నిండా మొక్కజొన్న. మధ్యలో ఉన్న గింజల్ని క్రేను పంజా ఎత్తుకుపోతుంది. మూలల్లో మిగిలినవాటిని మధ్యకి నెట్టడానికి లోడరును క్రేనుతోనే లోపలికి దించుతారు. ఇనుప గోడల మధ్య ముందుకీ వెనక్కీ తిరిగే బండి అది. అది నడుస్తున్నంతసేపు లోపల కాలినడకన మనిషన్నవాడు ఉండకూడదు. మా పనిలో మొదటి పాఠం ఇదే.

మా లోడరు రిపేరుకి పోయింది. మేస్త్రీ ఎక్కడినుంచో ఇంకోటి తెప్పించాడు. పచ్చగా మెరుస్తోంది. రంగు పూర్తిగా ఆరనే లేదు. చుట్టూ తిరిగి చూశాను. వెనక్కి పోయేటప్పుడు కూయాల్సిన హారనుకి వైర్లు కోసేసి టేపు చుట్టారు. అద్దం ఒకవైపే ఉంది.

"హారన్ లేదు మేస్త్రీ. దీన్ని దించకూడదు," అన్నాను.

"లోపల నువ్వు తప్ప ఎవడుంటాడయ్యా? ఎవడికోసం కూయాలి? చెవిపోటు తప్పిందనుకో," అన్నాడు మేస్త్రీ, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ. తర్వాత ఆ పుల్లనే వాసన చూసుకున్నాడు.

బావ మొహం చిట్లించాడు. "నేను చూస్తుంటానులే. కాసేపు తోలు. మనది రాగానే దీన్ని తీయిద్దాం."

బండిని దించాక నేను నిచ్చెన మీదుగా దిగాను. అడుగున గాలి వెచ్చగా, బరువుగా ఉంది. దారిలో ఎక్కడో నీళ్లు కారి గింజలు తడిసిపోయాయి. నల్లగా ముద్దకట్టి, పులిసి, నురగ కక్కుతున్నాయి. కాలేస్తే చీలమండ దాకా దిగబడుతోంది. తీస్తే చప్పరించినట్టు శబ్దం. బూటు మీదికి తెల్లటి పురుగులు ఎక్కాయి.

ఆ కంపు నాకు కొత్తేం కాదు. క్యాబిన్‌లోది మాత్రం వేరు.

తలుపు వేసుకోగానే తెలిసింది. కొత్త రంగు వాసన, దాని అడుగున తీపి వాసన... చచ్చిన ఎలుక మీద అత్తరు చల్లినట్టు. సీటుకి కొత్త రెక్సిన్ వేశారు. కూర్చోగానే కింద స్పాంజి నొక్కుకుని ఏదో ఊరింది. ప్యాంటు తడిసింది. గోరువెచ్చగా. నోట్లో నీళ్లూరాయి. ఉమ్మి మింగడానికి కూడా రోత పుట్టి కిటికీలోంచి ఉమ్మేశాను.

పని మొదలుపెట్టాక చినుకులు పడ్డాయి. గింజలు తడవకుండా పైమూత సగం మూశారు. వెలుతురు సగమైంది. క్రేను ఆగిపోయింది. మూలల్లో చీకటి గూడు కట్టింది. నేను నెట్టడం ఆపలేదు.

వెనక్కి తీస్తుండగా అద్దంలో మనిషి కనిపించాడు.

చీపురు పట్టుకుని, నావైపు వీపు పెట్టి, వంగి ఊడుస్తున్నాడు.

బ్రేకు తొక్కాను. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాను. "బావా, లోపల మనిషున్నాడు!"

"ఎవరూ లేర్రా. నేను చూస్తూనే ఉన్నా."

"బండి వెనకాలే..."

"బండి వెనకాల గింజలున్నాయి. అంతే."

ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని దిగాను. వెనక ఎవరూ లేరు. గింజల్లో మాత్రం ఒక పల్లం. మనిషి బోర్లా పడ్డంత పొడవు. అందులో నల్లటి నీళ్లు నెమ్మదిగా ఊరుతున్నాయి. నీటిమీద పురుగులు.

వెనక చక్రం పైనుంచి చుక్కలు పడుతున్నాయి. టార్చి వేసి వంగి చూశాను.

చక్రానికీ బండికీ మధ్య ఉన్న సందులో గుడ్డపీలిక ఇరుక్కుని ఉంది. దానికి వెంట్రుకలు అంటుకున్నాయి. కుచ్చుగా, చర్మంతో సహా. వాటి మీద కూడా పచ్చరంగు కొట్టేశారు. దాని పక్కన, ఇనుముకి అతుక్కుని, ఒక గోరు. కింద కాస్త వేలు. దానికీ రంగే. బ్రష్షు గీతలు చక్కగా కనిపిస్తున్నాయి.

కడగలేదు. కనీసం గీకనైనా గీకలేదు. పైనుంచి రంగు పూసేశారు.

కక్కడానికి చక్రం పట్టుకుని వంగబోయాను.

చక్రం కదిలింది.

తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇంజన్ శబ్దం లేదు. అయినా బండి వెనక్కి వస్తోంది... నావైపే... నింపాదిగా.

వెనక్కి అడుగేశాను. మోకాళ్ల దాకా దిగబడ్డాను. ఇంకో అడుగు. వీపుకి ఇనుపగోడ తగిలింది. చల్లగా.

బండి కిందనుంచి గొంతు వినిపించింది. నోట్లో గింజలు కుక్కుకుని మాట్లాడినట్టు.

"ఆపన్నా... ఉన్నానన్నా..."

"నేను తోలట్లేదు..." అన్నాను.

"వెనకాలే ఉన్నానన్నా..."

పక్కన చెయ్యి చాపితే నిచ్చెన అందింది. దాన్ని పట్టుకుని కాళ్లు పీక్కున్నాను. ఒక బూటు అడుగునే ఉండిపోయింది. ఎక్కాను. కింద ఇనుముకి ఇనుము తగిలి నిచ్చెన మొత్తం అదిరింది. కిందికి చూడలేదు. పైనుంచి బావ చెయ్యి అందించాడు. పట్టుకుని డెక్కు మీద పడి, పేగులు బయటికొస్తాయేమో అన్నంతగా కక్కాను.

మేస్త్రీ పరుగున వచ్చాడు. ముక్కు మూసుకుని నన్ను కాదు, నేను కక్కినదాన్ని చూశాడు.

"ఆ బండి కింద ఎవడు పోయాడు?" అని అడిగాను.

మేస్త్రీ చూపు తప్పించాడు. "అది వేరే రేవులో జరిగిందయ్యా. మనకేం సంబంధం? నీళ్లు కొట్టించే పంపారే... ఎక్కడో ఒక ముక్క మిగిలిందేమో."

కడిగిన కంచంలో మెతుకు మిగిలిందన్నట్టు అన్నాడు. అడుగున చూసినవన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. బావ ఆయన కాళ్ల దగ్గర తుపుక్కున ఉమ్మి, "ఇవాళ ఈ ఓడలో ఎవడూ దిగడు," అన్నాడు. గ్యాంగు మొత్తం పని ఆపేసింది.

రేవు అధికారులు వచ్చారు. బండిని పైకి తీయించి, విప్పించి చూశారు. చనిపోయింది ఊడ్చే కూలీ అని తేలింది. బండి తిరుగుతుండగానే అతన్ని లోపలికి దింపారట. తోలేవాడికి విసుగ్గా ఉందని హారను అంతకుముందే పీకేశారట. అతని వాళ్లకి అప్పగించింది పూర్తి శరీరం కాదు. మిగిలినదాన్ని గీకి, గుడ్డలో చుట్టి పంపించారు. మేస్త్రీ మళ్లీ రేవులో కనపడలేదు.

నేను ఆ పని మానేశాను. బావ కూడా మానేశాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అక్క భోజనానికి పిలిచింది. బావ చెంచాతో తింటున్నాడు.

"చూడరా మీ బావ వేషాలు. చేత్తో తినడం మానేశారు. రోజుకో సబ్బు అరగదీస్తున్నారు," అంటూ అక్క మంచినీళ్లకి లోపలికి వెళ్లింది.

బావ గొంతు తగ్గించాడు. "నీతో ఒక మాట చెప్పలేదురా. చెప్తే నీకు అన్నం సయించదని."

"ఏంటి బావా?"

"ఆ రోజు నువ్వు పైకొచ్చి పడ్డాక, నీ వెనకాల నిచ్చెన మీద ఇంకో చెయ్యి పైకొచ్చింది. లోపల ఎవరూ లేరని నీకు చెప్పింది నేనే. అయినా, చెయ్యి చాపినవాడికి అందించకుండా ఎలా ఉంటాంరా? అందించాను. మెత్తగా తగిలింది... ఉడికిన దుంపలా. పట్టుకున్నాడు."

"తర్వాత?"

బావ కుడిచెయ్యి బల్లమీద పెట్టాడు. సబ్బుకి అరిగి తోలు ఊడి, ఎర్రగా ఉంది. చేతి వెనకభాగంలో, ఎవరో వేళ్లతో గట్టిగా పట్టుకున్నట్టు, మూడుచోట్ల చర్మం లోపలికి నొక్కుకుని తెల్లబడి ఉంది. నాలుగో వేలి గుర్తు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఇంకా వదల్లేదురా," అన్నాడు.

నేను చూస్తుండగానే ఆ మూడు గుంటలూ ఇంకొంచెం లోతుకి దిగాయి.