ఎనిమిదో కొక్కెం

మా స్కార్‌విక్ ఊళ్ళో పాత పడవల కొట్టుకి పేరు మంచిది కాదు. డిసెంబరు పదకొండున చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. ఎనిమిదో కొక్కేనికి వేలాడే లైఫ్‌జాకెట్ తనంతట తనే లేచిపోతుందట... తెల్లారేసరికి మళ్ళీ కొక్కేనికే ఉంటుంది — ఉప్పునీళ్ళు కారుతూ.

నవ్వితే నవ్వండి. ఆ కొట్టు తాళాలు ఒకప్పుడు నా దగ్గరే ఉండేవి.

తుపానులో చిక్కుకున్న వాళ్ళని కాపాడే పడవ అక్కణ్ణించే వెళ్ళేది. ఆ రక్షణ స్టేషను మూతపడ్డాక ఆ పడవనీ, తెడ్లనీ, జాకెట్లనీ మేం కొందరం దాచి, ఆదివారాలు జనానికి చూపించేవాళ్ళం. ఎనిమిదో జాకెట్ నెడ్ డాగ్లిష్‌ది. పంతొమ్మిది వందల యాభై మూడు, డిసెంబరు పదకొండున పడవ తిరగబడి, ఒంటిమీద ఆ జాకెట్‌తోనే అతని శవం ఒడ్డుకొచ్చింది. అన్నేళ్ళూ దాచుకున్న వాళ్ళ అక్క, పోయేముందు దాన్ని మాకిచ్చింది.

ఆ తర్వాత రెండేళ్ళు వరసగా, అదే తేదీన జాకెట్ తడిసింది. కొట్టు చూసుకునే మా కమిటీకి పెద్ద మార్జరీ ప్రింగిల్ నన్నే అనుమానించింది.

"తాళం నీ దగ్గరే కదా ఎల్సీ," అంది, టీలో చక్కెర కలుపుతూ. "జనం రావాలని దెయ్యం కథ నువ్వే అల్లుతున్నావని ఊళ్ళో అంటున్నారు."

"ఊరంటే నువ్వేగా?"

"ఇంకోసారి తడిస్తే తాళాలు ఇచ్చెయ్యాలి. అంతే."

పదిహేనేళ్ళు ఆ పడవకి నూనె రాసిన చేతులు నావి. నాకు ఒళ్ళు మండిపోయింది. తడిపేది మార్జరీయే అని నా అనుమానం.

ఆ ఏడు పదకొండున నాలుగింటికే చీకటి పడింది. పడవలో టార్పాలిన్ కింద నక్కాను.

వెనక తలుపు గొళ్ళెం... టక్కుమంది. అడుగులు — బరువుగా, ఆగి ఆగి. జాకెట్ కొక్కెం మీంచి దిగింది. తాళ్ళు బిగించిన చప్పుడు. తర్వాత ఆ ఆకారం పడవని నీళ్ళలోకి జార్చే ర్యాంపు దిగి, నేరుగా సముద్రంలోకి నడిచింది. మోకాళ్ళ దాకా... నడుము దాకా...

టార్పాలిన్ తోసేసి పడవలోంచి దూకాను. పరిగెత్తి భుజం పట్టుకున్నాను.

కత్‌బర్ట్. నెడ్ వాళ్ళ అన్న. డెబ్భై అయిదేళ్ళ పెద్దాయన. టీకి పిలిస్తే, నీళ్ళు పొయ్యి మీద పెట్టకముందే వచ్చి తలుపు కొట్టే మనిషి.

"చచ్చిపోతావు బాబాయ్, రా," అన్నాను.

లోపల దుప్పటి కప్పితే, పళ్ళు టకటకలాడుతుండగా గుసగుసగా చెప్పాడు. "ముందొచ్చిన వాడికే జాకెట్, జాకెట్ దక్కినవాడికే పడవలో చోటు... అదీ మా రూలు. పడవవాళ్ళని పిలిచే రాకెట్ పేలినప్పుడు నేను బూట్లు కట్టుకుంటున్నా. వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. నెడ్‌గాడు నాకంటే పదడుగులు ముందున్నాడు."

దుప్పటి ఇంకాస్త దగ్గరికి చుట్టాను.

"ఏడాదికి ఒక్కసారి నేనే ముందొస్తున్నా తల్లీ. ఎవరికీ చెప్పకు. మతిపోయిందని ముసలాళ్ళ హోములో పడేస్తారు."

మర్నాడు మార్జరీ జాకెట్ మీద చెయ్యి వేసి, నావైపు చూసింది.

"నువ్వన్నదే నిజం. నేనే తడిపాను," అని తాళాలు బల్ల మీద పెట్టాను. ఇంటిదాకా ఏడుస్తూనే నడిచాను.

మరుసటి అక్టోబరులో కత్‌బర్ట్ పోయాడు. ఆయన శవపేటిక కూడా పాస్టరు కంటే అరగంట ముందే చర్చికి చేరింది.

డిసెంబరు పదకొండున జాకెట్ మళ్ళీ తడిసింది. మార్జరీ అప్పటికే కొత్త తాళం వేయించి, తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. అందుకే ఇక దెయ్యమేనని ఖాయం చేసుకుంది. చీకటి పడితే ఇప్పుడు ఆ వీధిలోకే రాదు.

వెనక గొళ్ళెం బయటనించి ఎలా ఎత్తాలో కత్‌బర్ట్ ఎవరికో ఒకరికి నేర్పి ఉంటాడని ఆమెకి తట్టలేదు. నీళ్ళు మాత్రం... చాలా చల్లగా ఉన్నాయి.