ఫారంలో రాసిన పేరు

యమున ఉప్మాలోకి ఉల్లిగడ్డ తరుగుతుంటే గేటు చప్పుడైంది. బయట మొగిలమ్మ. సందు చివర తాళాలు బాగుచేసే రాయమల్లు కాక భార్య.

“బిడ్డా, మీ కాకను రెండొద్దుల సంది స్టేషన్ల కూసోబెట్టిన్రు. తాళాల పని తెలిసినోడని, మీ ఇంటి తాళం పలగ్గొట్టి దొంగతనం ఆయనే చేసిండంటాన్రు. జర నువ్వొచ్చి చెప్పరాదు?”

 మేడారం జాతరకు పోయిన రోజు హడావిడిలో యమున తాళం గొళ్ళేనికి తగిలించిందే గాని నొక్కడం మరిచిపోయింది. తిరిగొచ్చేసరికి బీరువాలో ఎనిమిది తులాల బంగారం లేదు. తాళం వేయని ఇంటికి ఇన్సూరెన్స్ రాదని భర్త హరికృష్ణ ఆ తాళాన్ని రోకలితో పగలగొట్టాడు. దొంగలే పగలగొట్టారని పోలీసులకూ చెప్పారు, కంపెనీకీ చెప్పారు. అబద్ధమైనా ఎంత పొందిగ్గా చెప్పారో!

మొగిలమ్మను బయట కూర్చోబెట్టి లోపలున్న భర్త దగ్గరికొచ్చింది. “కాక పేరు పోలీసులకెట్ల తెలిసిందండీ?”

“ఇంటికి తాళంచెవులు చేసినోళ్ళెవరని కంపెనీ ఫారంల అడిగిన్రు గదా. నువ్వే రాసినవ్. వాళ్ళ కాయితాలు స్టేషన్‌కు పోతయి, స్టేషన్‌వి వాళ్ళకొస్తయి. ఇట్లయితదని నాకేం ఎరుక?”

అవును, తనే రాసింది. గుండ్రటి అక్షరాలతో, ఫోన్ నంబరుతో సహా. 

“ఉన్నదున్నట్టు చెప్పేద్దాం, పాండి.”

“పిచ్చా నీకు? బంగారం పాయె, క్లెయిమ్ పోతది, నా మీద కేసయితది!”

“మన అబద్ధానికి ముసలాయన దొంగయిండు. బయట ఆమెకు ఏం ముఖం పెట్టుకొని చాయ్ ఇయ్యాలె? మీరు రాకుంటే నేనొక్కదాన్నే పోత.”

 హరికృష్ణ లేచి చొక్కా వేసుకున్నాడు.

ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. స్టేషన్లో భార్యాభర్తలు అంతా ఒప్పుకున్నారు. ఎస్సై తిట్టిన తిట్లన్నీ తల వంచుకుని విన్నారు. క్లెయిమ్ వద్దని హరికృష్ణ కాగితం రాసిచ్చాడు. హరికృష్ణ సంగతి తర్వాత తేలుస్తానంటూ ఎస్సై రాయమల్లును వదిలేశాడు.

రాయమల్లు స్టేషన్ గేటు దాకా వచ్చి ఆగాడు.

“ఆ తాళం మొన్ననే చూపెట్టిన్రు బిడ్డా. వేసిన తాళం కొడితే లోపలి నాలుక విరుగుతది. దాంట్ల మంచిగనే ఉన్నది. తెరిచున్న తాళాన్ని కొట్టిన్రని చూడంగనే తెలిసింది.”

“మరి చెప్పకపోయినవా కాకా?”

“చెప్తే అల్లుడు లోపలికొస్తడు. తెల్వక చేసిన్రు, మీరే వస్తరని కూసున్న.”

యమున ఆయన కాళ్ళ మీద పడి భోరుమంది. మొగిలమ్మ లేపబోయినా లేవలేదు. తను వస్తుందని ఆయన కూర్చున్న ఆ రెండు రోజులూ, తను క్లెయిమ్ డబ్బు పడిందా అని ఫోను చూసుకుంటూ కూర్చుంది.