పరుపు ఏకిన మధ్యాహ్నం

మా సమీరాకి అప్పుడు ఆరేళ్ళు. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. చిలకలూరిపేట డాక్టరుగారు మందులు రాసిచ్చి, వాటికంటే ముందు ఇంట్లో దుమ్ము తగ్గించమన్నారు. పొడి చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడవాలి. పక్కనున్న పత్తి జిన్నింగ్ మిల్లు నడిచేటప్పుడు కిటికీలు మూయాలి. పాత దూది పరుపు పారెయ్యాలి.

చివరిది తప్ప అన్నీ చేశాను. మాది దూదేకుల ఇల్లు, దూది పారెయ్యాలంటే చేతులు రావు. పైగా ఆ పరుపు మా ఆయన ఖాజావలి కుట్టింది. పన్నెండేళ్ళు మిల్లులో పనిచేసి, దగ్గి దగ్గి, దానిమీదే పోయాడు. అప్పటికి నాలుగు నెలలు. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాదు.

"పారెయ్యడమెందుకే? ఏకితే దుమ్మంతా పోద్ది," అంది మా అత్త కరీమున్. "తలుపులేసుకుని ఏకు, దూది ఎగిరిపోకుండా."

దుమ్ము పోగొట్టడానికి తలుపులేసుకుని దుమ్ము లేపడం! నాకూ అప్పుడు సబబుగానే తోచింది.

2003 ఫిబ్రవరి. అత్త బజారుకెళ్ళింది. సమీరా వంటింట్లో పడుకుంది. నేను గది మూసి, ముక్కుకి కొంగు కట్టుకుని, పరుపు విప్పి, మామ వాడిన దూదేకే విల్లు తీశాను. నారి కొడుతుంటే గదంతా మోత. దూదిలోంచి పాత చెమట వాసన, మిల్లు నూనె వాసన వచ్చాయి. పెంకుల మధ్య అద్దంలోంచి ఎండ దిగుతోంది. ఆ ఎండ నిండా దుమ్ము.

చెయ్యి ఆపాను. దుమ్ము నేలకి దిగలేదు.

పైకి లేచింది... ఆగింది... కిందికొచ్చింది. మళ్ళీ పైకి...

ఆ ఊపిరి నాకు తెలుసు. మా ఆయన ఆఖరి మూడు వారాలూ పక్కన కూర్చుని దాన్నే లెక్కపెట్టాను. సన్నగా పిల్లికూత కూడా వినిపించింది. అది వంటింటి వైపు నుంచి కాదు.

"అమ్మా."

సమీరా. తలుపు ఎప్పుడు తీసిందో తెలియదు.

"అమ్మా, ఆయాసం పోయింది."

ఛాతీకి చెవి ఆనించాను. కూత లేదు. అసలు ఏ చప్పుడూ లేదు. ముక్కు కింద అరచెయ్యి పెట్టాను. గాలి తగల్లేదు.

"ఊపిరి పీల్చవే," అన్నాను.

"నాన్న పీలుస్తున్నాడుగా," అంది గుసగుసగా.

తడిగుడ్డ పక్కనే బకెట్లో ఉంది. తుడిస్తే రెండు నిమిషాల పని. తుడిస్తే ఎవరి ఊపిరి ఆగుతుందో... ముట్టుకోలేదు. పాపని బయటికి తెచ్చి గదికి తాళం వేశాను.

మూడేళ్ళయింది. డాక్టరుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు, వెళ్ళి ఏం చెప్పను? సమీరా బడికెళ్తోంది, ఆడుకుంటోంది, అందరికంటే ముందు పరుగెడుతోంది.

నిన్న మధ్యాహ్నం తాళం వేసిన గదిలో దగ్గు మొదలైంది. సమీరా బడిలో ఉంది. బడికి పరుగెత్తాలో, కూర్చుని ఆ ఊపిరి లెక్కపెట్టాలో తెలియక అక్కడే నిలబడ్డాను.