రెండు ఫోటోల్లో ఒకే మచ్చ

ఫిల్ము గొప్పదా, డిజిటల్ గొప్పదా అన్న పోరు ఆ ఫోటో స్టూడియో వాళ్ల ఇంట్లో రోజూ ఉండేదే. ఈసారి మాత్రం తండ్రీకూతుళ్లు పందెం కట్టారు. ఒకే ఉదయం, ఒకే కిటికీ దగ్గర అమ్మను కూర్చోబెట్టి ఎవరి కెమెరాతో వాళ్లు ఫోటో తీశారు. తలుపంత పెద్దవి చేసి గోడకు ఆనించారు. దేంట్లో వివరం ఎక్కువుందో అమ్మే తేల్చాలి. కూతురు గెలిస్తే నాన్న ఫిల్ము కడిగే గది, తన డార్క్‌రూమ్, మూసెయ్యాలి.

అమ్మ ముక్కు తగిలేలా వంగి రెండూ చూసింది.

“రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ.”

కూతురికి ఒళ్లు మండింది. “ఒకేలానా? నా దాంట్లో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చమ్మా! నాన్నది దగ్గరికెళితే ఇసక చల్లినట్టుంది.”

“ఆ ఇసకలోనే ప్రాణముంది. నీది మైనపు బొమ్మ,” అన్నాడు నాన్న. “నాదానికి వంక పెట్టలేవు. ఒక్క ధూళి మచ్చ పడింది, కుడి కంటి నల్లగుడ్డులో తెల్లగా. కుంచెతో పూడ్చేశాను.”

 కూతురు తీసిన ఫోటోలోనూ సరిగ్గా అక్కడే తెల్లటి మరక ఉండింది. కిటికీ మెరుపనుకుని కంప్యూటర్లో చెరిపేసింది.

“నాన్నా, నాదాంట్లోనూ ఉందది.”

“నీ కెమెరాకి నా ధూళి ఎలా అంటుకుంటుందే?”

ఇద్దరికీ బుర్ర తిరిగిపోయింది. ఆయన నెగటివ్‌ను దీపం ముందు పెట్టి మెత్తని గుడ్డతో తుడిచాడు. మచ్చ పోలేదు. ఆమె దిద్దని ఫోటో తెరిచింది. మెరుపైతే రెండో కంట్లోనూ అలాగే ఉండాలి కదా, లేదేం? ఏమీ పాలుపోక వెనక్కి తిరిగింది. అమ్మ నీళ్ల గ్లాసు కోసం బల్లంతా తడుముతోంది. గ్లాసు చేతి పక్కనే ఉంది.

కూతురు గబగబా వెళ్లి అమ్మ మొహాన్ని కిటికీ వైపు తిప్పింది. మచ్చ కంట్లోనే ఉంది.

“అమ్మా!”

“పొర కమ్మిందే. రెండోదీ మసకే,” అంది అమ్మ మెల్లగా. “గది పోతుందని ఆయన దిగులు, నెగ్గాలని నీ పంతం. మధ్యలో నా కంటి గొడవెందుకని ఊరుకున్నా.”

“ఆ పూటంతా నీ మొహమే చూశాం కదే, అయినా కనిపెట్టలేకపోయాం,” అన్నాడు నాన్న.  కూతురు అమ్మ భుజం మీద తల పెట్టి భోరుమంది.

“ఏడుపులెందుకు, ఆపరేషన్ చేస్తే పోయేదానికి! ఇంతకీ ఎవరు గెలిచారు?”

నాన్న అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. “కన్ను బాగయ్యాక నువ్వే చెబుదువుగాని. ముందు పద, డాక్టరు దగ్గరికి.”