నేను లేవని రోజు

మా ఆవిడ నాకంటే ముందు చనిపోయి నాకు అన్యాయం చేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

వాదన నేర్పింది కూడా ఆవిడే. నాది సివిల్ ఇంజనీరింగ్. మైనరుగా ఇంకో సబ్జెక్టు తీసుకోవాలన్నారు. నేను వెళ్ళేసరికి తత్వశాస్త్రంలోనే సీట్లు మిగిలాయి. ఆవిడకి అదే మెయిన్. ఫస్టు ర్యాంకు ఆవిడదేనని అందరూ అనుకునేవాళ్ళు.

ఆ క్లాసులో ఒక పద్ధతి. ఎదుటివాళ్ళ మాట కాదనాలంటే, ముందు ఆ మాట మనమే చెప్పాలి. వాళ్ళు "అంతే" అని ఒప్పుకున్నాకే మన వంతు.

మొదటి రోజే లేచి, "ఇది పనిలేనివాళ్ళ చదువు" అన్నాను.

ముందు బెంచీ అమ్మాయి, అదే మా ఆవిడ, వెనక్కి తిరిగింది. "సిమెంటూ, నీ మాట నేను చెప్పనా? నీకు అర్థం కాలేదు కాబట్టి ఎవరికీ పనికిరాదు. అంతేనా?"

క్లాసంతా నవ్వింది. కోపంలో "అంతే" అనేశాను.

వానాకాలానికి ఇద్దరికీ ఒకటే గొడుగు.

"వంతెనలు కట్టేవాడివి, గొడుగు పట్టడం రాదా? సగం తడిసిపోతున్నాను."

"నువ్వు ఇటు జరిగితే తడవవు."

"ఈ వాదన బాగుంది," అని జరిగింది.

మా ఊరి బడిలో బట్టీ పట్టడమే నేర్పారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేను. ఆఖరి వ్యాసానికి ఆవిడ తనది ఇచ్చి, "చదివి అర్థం చేసుకో" అంది. నేను అక్షరం పొల్లు పోకుండా దించేశాను.

మాస్టారు ఒకేలా ఉన్న మా రెండు కాగితాలూ పైకెత్తి చూపించారు. "కాపీ కొట్టినవాళ్ళు లేవండి. సున్నా వేస్తాను."

మైనరు పోతే నా డిగ్రీ పోతుంది. బెంచీ మీది ఇంకు మరక చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఒకసారి నా వైపు చూసింది. తర్వాత లేచి నిలబడింది.

ర్యాంకు పోయింది.

సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద పట్టుకుంది. "నీ వైపు నేను చెబుతాను. డిగ్రీ పోతే ఇంట్లో ముఖం చూపించలేవు. భయపడ్డావు. అంతేనా?"

"అంతే."

"ఇప్పుడు నా వైపు నువ్వు చెప్పు."

నేను పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

"తొందరేం లేదులే," అంది. "చెప్పేదాకా నీతోనే ఉంటాను."

మా పెళ్ళి మాట అదే. మా అమ్మ ఏమీ తెలియక, బంగారంలాంటి పిల్లని తెచ్చావని మురిసిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పలేదు. చివరికి ఆసుపత్రి మంచం పక్కన అడిగాను. "నీ వైపు చెప్పనా?"

"ఇన్నాళ్ళకా! చెప్పు."

"నా మీద జాలిపడి లేచావు."

"కాదు."

"నీకు ర్యాంకు లెక్కలేదు."

"ఎందుకు లేదూ? చాలా ఏడ్చాను."

"మరి?"

"నేను లేస్తే నువ్వూ లేస్తావనుకున్నాను, సిమెంటూ. అంతే."

అదీ ఆవిడ వైపు. ఈ ఒక్కసారికి మీకు చెప్పేశాను. ఇక ఎవరడిగినా ఈ సంగతి నా నోట రాదు.