ఎర్త్ లేని బీరువా

కైకలూరులో మా ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో మావారు నాగదుర్గారావు మోటార్లకి వైండింగు చేస్తారు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోటార్లే ఎక్కువ. ముసురు పట్టిందంటే వైండింగుకి పూసిన వార్నిష్ ఒక పట్టాన ఆరదు. అందుకని పాత ఇనప బీరువాలో పెద్ద బల్బులు బిగించి, మోటార్లు అందులో పెట్టి వెచ్చబెడతారు.

ఆ బీరువాతో నా ప్రాణం విసిగిపోయింది. ఇనప వస్తువు, ఎర్త్ వెయ్యండి మహానుభావా అంటే వినరు. మూడు పిన్నుల ప్లగ్గే, మూడో పిన్నుకి మాత్రం వైరుండదు. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు లైన్లో సరిగ్గా రావట్లేదని స్నానాలగది వెనక భూమిలో ఇనప రాడ్డు దిగ్గొట్టి, న్యూట్రల్ దానికే కలిపేశారు. చెరువుల దగ్గర అందరూ చేసే పనేగా అంటారు. మా నాన్న లైన్‌మన్‌గా చేశారు. అలా కలిపితే ఆ రాడ్డు చుట్టూ తడి నేలే కరెంటు కొడుతుందని నెత్తీ నోరూ కొట్టుకునేవారు. ఇప్పుడు ఆ కొట్టుకోవడం నా వంతయింది.

"ఇన్నేళ్లుగా చేస్తున్నా, నాకు తెలీదా? నువ్వు ఊరుకోవే," అంటారీయన.

ఆ వేళ పొద్దుటి నుంచీ ఒకటే వాన. బీరువాలో ఉన్నది సూర్రావు చెరువు మోటారు. కిందటి వారం ఆ మోటారు పట్టుకునే, కరెంటు కొట్టి, సూర్రావు చెరువు గట్టు మీద పోయాడు. అక్కడా న్యూట్రల్ అంటే గట్టులో దిగ్గొట్టిన రాడ్డే. అంతా తెలిసి ఈయన ఆ మోటారు తెచ్చి, అలాంటి రాడ్డు మీదే ఆరబెడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. దెబ్బలాడదామనే సందె వేళ షెడ్డులోకి వెళ్లాను.

వార్నిష్ ఘాటు. దాని కింద చెరువు అడుగు బురద వాసన. నేను నోరు తెరిచేలోగా కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటైపోయింది.

బీరువా తలుపు సందులోంచి మాత్రం వెలుతురు వస్తూనే ఉంది.

మావారు విసుక్కుంటూ ప్లగ్గు లాగి నేల మీద పడేశారు. అయినా వెలుతురు పోలేదు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు లోపలి నుంచి, మెల్లగా...

"తలుపు వేసెయ్యండి... చలేస్తోందండీ."

"ఏవండీ... ముట్టుకోకండి," అన్నాను.

"ప్లగ్గు తీసేశాగా. ఎందుకే నీకంత భయం?" అంటూనే హేండిల్ పట్టుకుని తలుపు నెట్టి మూసేశారు.

బల్బులు ఆరిపోయాయి. కేక లేదు. పడ్డ చప్పుడు లేదు... ఫోన్ లైటు వేసి చూశాను. నిలబడే ఉన్నారు. షెడ్డు లోపలే ఉన్నా, ఒంటి మీద చొక్కా నీళ్లోడుతోంది.

"మీరు చెప్పిందే నిజమండీ," అన్నారు నాతో. "ఎర్త్ వెయ్యాల్సింది."

పెళ్లయిన నాటి నుంచీ నేను చెప్పింది నిజమని ఒప్పుకున్న పాపాన పోలేదు. ఒప్పుకున్న ఆ నిమిషాన నాకు ఏడుపొచ్చింది.

"పొద్దుపోయిందండీ. మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది, వెళ్లొస్తాను."

చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి దిగి, సూర్రావు ఇంటి వైపు నడిచారు. "ఏవండీ, ఇల్లు ఇదండీ," అని గుమ్మంలోంచి పిలిచాను, మళ్లీ పిలిచాను. వెనక్కి తిరగలేదు. వెంట పరుగెత్తబోయాను.

నా వెనక, మూసిన బీరువాలోంచి మావారి గొంతు. ఎప్పుడూ విసుక్కునే ఆ గొంతే.

"ఎక్కడికే? తలుపు తియ్యి... చలేస్తోంది."

వెనక్కొచ్చి, హేండిల్ దాకా చెయ్యి చాచి ఆగిపోయాను. ప్లగ్గు నేల మీదే ఉంది. తలుపు సందులో బల్బులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.