మూడో రీలులో నవ్వు

"ఆ మూడో రీలు వాడు చూశాడంటే ఇంక నేను వాడి ముందు నిలబడలేనమ్మా… నీకు దణ్ణం పెడతాను, ఆ ముక్క కోసెయ్."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకున్నారు. పాత సినిమా ప్రింట్లు సేకరించి బాగుచేయడం భర్త వ్యాపారం. తెగిన చోట అతికించడం ఆమె పని. మూతబడిన హాలు నుంచి నిన్న వచ్చిన ప్రింటు పేరు విన్నప్పటి నుంచి అత్తగారు ముద్ద ముట్టలేదు. కారణం ఇప్పుడు చెప్పారు. నలభై ఏళ్ల కిందట, జ్వరంతో ఉన్న కూతురిని ఆరేళ్ల కొడుక్కి అప్పగించి, మందుకి డబ్బు కోసం ఈ సినిమా షూటింగులో గుంపులో నిలబడ్డారు. నవ్వమంటే నవ్వారు. ఇంటికొచ్చేసరికి పాప లేదు… మందుల షాపులో ఆలస్యమైందని అబద్ధమాడారు.

"చెల్లెలు పోతుంటే అమ్మ నవ్వుతోందనుకోడూ…"

భూతద్దం కింద అత్తగారు, పాతికేళ్ల మనిషి, నోరారా నవ్వుతున్నారు. నలభై ఫ్రేములు. లెక్క వేస్తే రెండు సెకన్లు కూడా లేవు, ఎవరికి తెలుస్తుంది? కోడలు కోసి, అతికించి, ముక్కను డబ్బా కింద దాచింది.

మధ్యాహ్నం భర్త కిటికీలు మూసి, బొమ్మ వేసే మిషను సిద్ధం చేసి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మధ్యలో లేచి వెళ్లావంటే టికెట్టు వాపసు లేదమ్మోయ్."

మూడో రీలు. బొమ్మ చిన్నగా ఎగిరింది. తర్వాత వచ్చిన ఖాళీ వీధి మీద ఒక ఆడమనిషి నవ్వు వినిపించి, పుటుక్కున తెగిపోయింది.

కోడలికి అప్పుడు తట్టింది. ప్రింటులో ఏ బొమ్మ శబ్దమూ దాని పక్కనే ఉండదు, ఇరవై ఫ్రేములు ముందుంటుంది. ఇన్నేళ్లు ఈ పని చేసి, భయంలో ఆ మాటే మరిచింది. మనిషిని కోసి నవ్వును వదిలేసింది.

అతను మిషను ఆపాడు. "ఇది అమ్మ నవ్వు. కోసిన ముక్కేదీ?"

ఇవ్వక తప్పలేదు. కిటికీ రెక్క తీసి, వెలుగులో ఒక్కో ఫ్రేమూ చూశాడు.

"నేను మందుల షాపుకి కాదురా వెళ్లింది…"

"ఎక్కడికెళ్లావని నేనెప్పుడైనా అడిగానా అమ్మా?" అతను ముక్కను బల్ల మీద పెట్టాడు. "అడిగితే, అప్పుడు నువ్వేం చేస్తున్నావురా అని నువ్వడుగుతావని భయం. నిద్రపోయానమ్మా. లేచేసరికి చెల్లి చల్లగా ఉంది…"

అత్తగారు కొడుకు నెరిసిన తలను ఒళ్లోకి లాక్కున్నారు.

"ఆరేళ్లవాడివి… నిద్రపోక ఏం చేస్తావురా."